అన్‌స్పెసిఫైడ్ కోడ్ వేస్తే డినయలేనా? అపోహలు - వాస్తవాలు

కర్నూలులో నా దగ్గర మెడికల్ కోడింగ్ (డాక్టర్ నోట్‌లోని జబ్బులను ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్లుగా మార్చే పని) నేర్చుకునే పిల్లలు ఫార్మసీ చదివినా, నర్సింగ్ చదివినా, మొదట్లో అందరి టెన్షన్ ఒకటే. "అక్కా, డాక్టర్ సరిగ్గా రాయలేదు. అన్‌స్పెసిఫైడ్ కోడ్ వేస్తే డినయల్ అంట కదా. ల్యాబ్ రిపోర్టు చూసి మనమే జబ్బు స్టేజ్ వేసేద్దామా?" అన్‌స్పెసిఫైడ్ అంటే వివరం తేల్చని కోడ్, డినయల్ అంటే ఇన్సూరెన్స్ వాళ్లు బిల్లు కట్టం అనడం. ఏ వాట్సాప్ గ్రూపులో పుట్టిందో గానీ, ఈ పుకారుకు భయపడి చేసే పని ఉద్యోగాల మీదికి తెస్తోంది.

అపోహ: అన్‌స్పెసిఫైడ్ అంటే తప్పు కోడ్, డినయల్ ఖాయం.

వాస్తవం: అమెరికాలో జబ్బుల కోడ్లకు వాడే ఐసీడీ-10-సీఎం గైడ్‌లైన్సే ఈ కోడ్లను ఒప్పుకుంటాయి. ఆ విజిట్ నాటికి డాక్టరుకే అంతకు మించి తెలియకపోతే, అన్‌స్పెసిఫైడే సరైన కోడ్. చార్ట్‌లో ఉన్నది మనం చదవకపోతేనే చిక్కు. అసెస్‌మెంట్‌లో ఉత్త "మోకాలి నొప్పి" కనబడగానే ఎం25.569 (ఏ మోకాలో చెప్పని కోడ్) వేసేస్తారు. పైన హిస్టరీలో కుడి మోకాలని డాక్టరే రాసి ఉంటారు. అప్పుడు వేయాల్సింది ఎం25.561. కుడి ఎడమలు తేల్చని కోడ్లను వెనక్కి పంపే పేయర్లు (బిల్లు కట్టే ఇన్సూరెన్స్ కంపెనీలు) ఉన్నారు, అంతవరకు నిజమే.

చదవడం వేరు, ఊహించడం వేరు. మందుల లిస్టులో మెట్‌ఫార్మిన్ (ఎక్కువగా షుగరుకిచ్చే మందు) చూసి ఒకబ్బాయి షుగరు కోడ్ ఈ11.9 వేశాడు. నోట్‌లో డయాబెటిస్ అన్న మాటే లేదు. పేషెంట్‌కు ఆ మందు పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) కోసం ఇచ్చారు. ఆడిట్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది, లేకపోతే లేని షుగరు ఆమె రికార్డుకెక్కేది. పాపం, ఆ పిల్లవాడు అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు. నాకు తిట్టబుద్ధి కాలేదు. నెత్తిన టార్గెట్ పెట్టి, క్వెరీ (డాక్టరుకు రాసి అడిగే ప్రశ్న) వేస్తే టైమ్ వేస్ట్ అని టీఎల్ (టీమ్ లీడర్) అంటుంటే ఎవరైనా ఊహిస్తారు.

సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) అని మాత్రమే రాసి, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు చెప్పే ల్యాబ్ విలువ) 42 ఉంటే అది 3బీ స్టేజ్ రేంజ్ అని మనకూ తెలుసు. అయినా 3బీ కోడ్ ఎన్18.32 మనంతట మనం వేయకూడదు. స్టేజ్ చెప్పాల్సింది ప్రొవైడర్, అంటే వైద్యం చేసే డాక్టర్. క్వెరీ వేయండి. "ఇది 3బీనే కదా డాక్టర్, కన్ఫర్మ్ చేయండి" అని మాత్రం రాయకండి, అది జవాబును మనమే నోటికందించే లీడింగ్ క్వెరీ. ల్యాబ్ విలువలు, తేదీలు పెట్టి స్టేజ్ ఏదో అడగండి. "చెప్పలేను" అనే ఆప్షన్ కూడా ఉండాలి. డాక్టరు తేల్చకపోతే స్టేజ్ చెప్పని ఎన్18.9 ఉంది, నిక్షేపంగా వాడుకోవచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తా. చివర 9 ఉన్న ప్రతి కోడూ అన్‌స్పెసిఫైడ్ కాదు. ఈ11.9 అంటే కాంప్లికేషన్లు లేని టైప్ 2 డయాబెటిస్. "ప్రాబబుల్ అపెండిసైటిస్" (బహుశా అపెండిసైటిస్) అని ఉంటే ఔట్‌పేషెంట్‌లో లక్షణమే కోడ్ చేయాలి, అంటే పొత్తికడుపు కుడివైపు నొప్పికి ఆర్10.31. ఇన్‌పేషెంట్‌లో హాస్పిటల్ బిల్లుకైతే, డిశ్చార్జ్ నాటికీ ప్రాబబుల్ అనే ఉంటే, జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తాం. డినయల్‌కు కారణంగా సీఓ-11 అనే కోడ్ వచ్చిందంటే డయాగ్నసిస్‌కూ ప్రొసీజర్‌కూ పొంతన కుదరలేదని.

నడుం నొప్పికి ఎం54.5 వేసి, బిల్లు తిరిగొస్తే "డాక్టరు వివరంగా రాయలేదు" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కోడ్ 2021 అక్టోబర్ 1 నుంచే చెల్లదు. దాని బదులు వచ్చిన వాటిలో ఎం54.50 కూడా అన్‌స్పెసిఫైడే, అది మాత్రం చెల్లుతుంది.