ప్రింట్‌మేకింగ్‌లో పీజీ: అపోహలు - వాస్తవాలు

ప్రింట్‌మేకింగ్ అంటే ప్లేటు మీదో చెక్క మీదో బొమ్మ సిద్ధం చేసి కాగితం మీదకి అచ్చు తీసే కళ. దాంట్లో పీజీ అడ్మిషన్ల టైమ్ వచ్చిందంటే నా దగ్గరికి ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. చాలావరకు అవి ప్రశ్నలు కూడా కావు, ఎవరో చెప్పగా విని నమ్మేసిన మాటలు.

అపోహ: ప్రింట్ అంటే కాపీ, ఒరిజినల్ వేరే ఉంటుంది.

ఎక్కడా ఉండదు. ఎచింగ్‌లో, అంటే యాసిడ్‌తో లోహాన్ని తినిపించి గీతలు తీసే పద్ధతిలో, ప్లేటు మీద ఉండేది లోహంలో గాట్లు, అవీ కుడిఎడమలు తిరగబడి. వాటిలోకి ఇంకు ఎక్కించి, పైపైన తుడిచి, తడిపిన కాగితం పరిచి ప్రెస్‌లో లాగితేనే బొమ్మ పుడుతుంది. అందుకే ఎడిషన్‌లో, అంటే ఒకే ప్లేటు నుంచి లెక్కపెట్టి తీసిన ప్రింట్ల సెట్‌లో, ప్రతి ప్రింటూ ఒరిజినలే. కింద పెన్సిల్‌తో 3/20 అని ఉంటే ఇరవైలో మూడోది అని మాత్రమే అర్థం. డ్రైపాయింట్ సంగతి కొంచెం వేరు: యాసిడ్ లేకుండా సూదితోనే ప్లేటు మీద గీకినప్పుడు గీత పక్కన లేచే లోహపు అంచే ఆ మెత్తటి నలుపునిస్తుంది, ప్రెస్ ఒత్తిడికి అది అణిగిపోతుంది కాబట్టి మంచి ప్రింట్లు కొన్నే వస్తాయి.

అపోహ: పీజీ అంటే అన్ని టెక్నిక్‌లూ నేర్చేసుకోవడం.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే. రెండు ఎచింగ్‌లు, ఒక లితో (రాయి మీద గీసి తీసే ప్రింట్), ఒక వుడ్‌కట్ (చెక్క మీద చెక్కి తీసేది) చేసి శాంపిల్ పుస్తకంలాంటి పోర్ట్‌ఫోలియో తెస్తారు. చేతికి పని రావాలి, కాదనను. కానీ పీజీలో అడిగేది వేరు: దీన్ని కాగితం మీదే గీయొచ్చు కదా, లోహం మీద ఎందుకు? నా పీజీలో ఒక జింక్ ప్లేటుకి అక్వాటింట్ (యాసిడ్‌తో నలుపు, బూడిద ఛాయలు తెచ్చే పద్ధతి) వేసి యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచేశాను, ఆకాశం అంతా కారునలుపు అయిపోయింది. పారేయబోతుంటే మా మాస్టారు చేతిలో లోహం గీకే స్క్రేపర్ పెట్టారు. నాలుగు రోజులు గీకి, నునుపు చేసే బర్నిషర్‌తో రుద్ది, ప్రతి పూటా ఒక ప్రూఫ్ (ట్రయల్ ప్రింట్) తీసుకుంటూ పోతే ఆ నలుపులోంచి బూడిదరంగులు ఒక్కొక్కటే పైకొచ్చాయి. పెన్సిల్‌తో నేనెప్పటికీ గీయలేని ఆకాశం అది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653 నాటి 'మూడు శిలువలు' ప్లేటు చూడండి, తర్వాతి దశలో చాలామంది మనుషుల్ని చెరిపేసి దృశ్యాన్ని దాదాపు చీకట్లో ముంచేశాడు. అందుకే ప్లేటు మారే ప్రతి దశలో తీసిన ప్రూఫ్‌లు, అంటే స్టేట్ ప్రూఫ్‌లు, ఒక్కటి కూడా పారేయకండి, ఇంటర్వ్యూకి ఫైనల్ ప్రింట్‌తో పాటు అవీ పట్టుకెళ్లండి.

అపోహ: డిగ్రీలో ప్రింట్‌మేకింగ్ చేయనివాళ్లు నెగ్గుకురాలేరు.

సీటుకి అర్హత ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది, అది ముందే కనుక్కోండి. పనిలో నెగ్గుకురావడం మాత్రం వేరే విషయం. భారతీయ ప్రింట్‌మేకర్ కృష్ణారెడ్డి శిల్పం నేర్చుకున్న మనిషి, ప్లేటుని కూడా శిల్పంలాగే లోతులు లోతులుగా చెక్కారు. పారిస్‌లోని అటెలియే 17 అనే ప్రింట్ స్టూడియోలో దాని స్థాపకుడు హేటర్, తోటి కళాకారుడు కైకో మోతీలతో పాటు ఆయన విస్కాసిటీ ప్రింటింగ్‌ని తీర్చిదిద్దారు. చిక్కటి ఇంకు, పల్చటి ఇంకు ఒకదాన్నొకటి పట్టుకోవు, మెత్తటి రోలర్ లోపలి దాకా దిగుతుంది, గట్టి రోలర్ పైపైనే పోతుంది, అలా ఒకే ప్లేటు మీద పలు రంగులు ఒకేసారి ప్రింట్ అవుతాయి. పెయింటింగ్ నుంచి వచ్చినా, శిల్పం నుంచి వచ్చినా మీ దగ్గర ఉన్నది ఇక్కడ పనికొస్తుంది.

అపోహ: యాసిడ్ పని, ఆరోగ్యం పోతుంది.

జాగ్రత్త లేకపోతే పోతుంది. నైట్రిక్ యాసిడ్ పొగ ఊపిరితిత్తులకి నిజంగా ప్రమాదం, ఎగ్జాస్ట్ పనిచేయకపోతే ఆ రోజు పని మానేయండి, ఎవరేమన్నా సరే. కలిపేటప్పుడు నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడితే ఆ పొగ బెడద ఉండదు, గ్లవ్స్, కళ్లద్దాలు మాత్రం తప్పవు.

అపోహ: చదువయ్యాక సొంత ప్రెస్ లేకపోతే అంతా అక్కడితో ఆగిపోతుంది.

వుడ్‌కట్‌కీ, లినోలియం షీటు మీద చెక్కే లినోకట్‌కీ ప్రెస్ అక్కర్లేదు. పల్చటి కాగితం వేసి చెంచా వెనకవైపుతో ఓపిగ్గా రుద్దితే చాలు, ఇంకు ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో వేళ్లకే తెలిసిపోతుంది.