మసాకా రక్త నమూనాలు ముందే చెప్పాయి

ఆఫ్రికాలో మలేరియా మందు ఇప్పుడే మార్చాలా, ఇంకొన్నాళ్లు చూడాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. పాత మలేరియా మందు క్లోరోక్విన్‌కు క్రిములు లొంగకుండా పోయి అది ఎలా చేజారిందో తెలిసిన కథే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే రువాండాలోని మసాకా దగ్గర ఆగాలి.

పశ్చిమ కాంబోడియాలో ఫాల్సిపేరం అనే ప్రాణాంతక మలేరియా క్రిములు, ఇప్పటి చికిత్సకు మూలమైన ఆర్టెమిసినిన్ మందుకు త్వరగా లొంగడం లేదని 2008-09లో బయటపడింది. అప్పటి నుంచి నిఘా అంతా మెకాంగ్ దేశాల మీదే. క్లోరోక్విన్‌ను తట్టుకున్న క్రిమి ఆసియా నుంచే ఆఫ్రికా చేరింది కాబట్టి ఇదీ అదే దారిన వస్తుందని, అక్కడే కట్టడి చేస్తే చాలని లెక్క వేశారు.

లెక్క తప్పింది. మసాకాలో పరీక్షించిన 257 మందిలో 19 మంది దగ్గర క్రిమి కెల్చ్13 జన్యువులో, ఆర్టెమిసినిన్‌ను తట్టుకునేలా చేసే ఆర్561హెచ్ అనే మార్పు దొరికిందని 2020లో ఒక అధ్యయనం వెల్లడించింది. ఆ క్రిములు ఆసియా వంశానివి కావు, రువాండాలోనే పుట్టినవి. నమూనాలు తీసింది మాత్రం 2012-15 మధ్య. అందరూ వీధి వాకిలి కాస్తుంటే పెరట్లో మొలిచిన దాన్ని ఇన్నేళ్లకు చూశారన్నమాట. ఆ తర్వాత ఉగాండా (2021), ఎరిత్రియా (2023) నుంచి వేరే మార్పులతో ఇలాంటి కబురే వచ్చింది.

ఆగుదాం అనేవారు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత చూపిస్తారు: చికిత్స వైఫల్యం 10 శాతానికి చేరితేనే మందు మార్చాలి. చాలాచోట్ల ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ (ఆర్టెమిసినిన్ రకం మందు, దానికో జోడీ) ఇంకా నయం చేస్తోంది కదా అంటారు. నిజమే.

కానీ ఎందుకు నయం చేస్తోంది? ఆర్టెమిసినిన్ మొదటి మూడు రోజుల్లో క్రిముల్లో అత్యధిక భాగాన్ని ఊడ్చేస్తుంది, మిగిలినవాటి పని ఒంట్లో ఎక్కువ రోజులుండే జోడీ మందు చూస్తుంది. మొదటిది మందగిస్తే బరువంతా రెండోదాని మీద పడుతుంది. పైకి మాత్రం రోగి కోలుకున్నట్టే ఉంటాడు. కాంబోడియాలో జరిగిందీ ఇదే. ఆర్టెమిసినిన్ బలహీనపడ్డాక దాని జోడీ పైపెరాక్విన్ కూడా కూలింది. అక్కడి పుర్సాత్ ప్రాంతంలో ఒక అధ్యయనంలో సగానికి దగ్గరగా రోగుల్లో జబ్బు తిరగబెట్టింది. గీత దాటేదాకా కూర్చుంటే దాటాక చేతిలో ఏం మిగులుతుందన్నది మార్చమనేవారి ప్రశ్న. దానికి అవతలి పక్షం నుంచి సూటి జవాబు రాలేదు.

మన దేశంలోనైతే జోడీ మందే ముందు జారింది. ఆర్టెసునేట్‌తో (ఇదీ ఆర్టెమిసినిన్ రకమే) కలిపి ఇచ్చే సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ ఈశాన్య రాష్ట్రాల్లో పనిచేయడం తగ్గాక 2013లో అక్కడ ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్‌కు మారారు. మన ఏజెన్సీతో సహా మిగతా దేశంలో అప్పుడు పాత జోడీనే ఉంచేశారు.