డాకర్‌కి డబ్బులు కట్టాలట: అపోహలు, వాస్తవాలు

అమీర్‌పేటలో డెవాప్స్ కోర్సులో చేరిన మా పక్కింటి అబ్బాయి మొన్న ఫోన్ చేసి, "అన్నా, డాకర్ పని అయిపోయిందట కదా, కంపెనీలన్నీ పాడ్‌మ్యాన్‌కి వెళ్లిపోతున్నాయట, నేను కట్టిన ఫీజు వేస్టేనా?" అన్నాడు. పాపం, గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. డాకర్ అంటే ఓ ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి కంటైనర్ అనే డబ్బాలో పెట్టి నడిపే టూల్, పాడ్‌మ్యాన్ అదే పని చేసే ఇంకో టూల్. మాదాపూర్‌లో పెద్ద జీతాలు తీసుకునే మేనేజర్లు కూడా నన్ను ఇదే అడిగారు, వాళ్ల మీద మాత్రం నాకు జాలి లేదు.

అపోహ: డాకర్ వాడితే డబ్బులు కట్టాలి.

డాకర్‌కి కాదండీ, డాకర్ డెస్క్‌టాప్‌కి. విండోస్, మ్యాక్ లాప్‌టాప్‌లలో వేసుకుంటామే, ఆ అప్లికేషన్‌కి. 2021 ఆగస్టులో రూల్ మార్చారు: వాడే కంపెనీలో ఉద్యోగులు 250 మంది లోపు, ఏడాది ఆదాయం కోటి డాలర్ల లోపు ఉంటే ఉచితం, రెండింట్లో ఏది దాటినా సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలి. 2022 జనవరి 31 దాకా గడువిచ్చారు. చదువుకునేవాళ్లకి ఉచితమే. లినక్స్ సర్వర్లో నడిచే డాకర్ ఇంజిన్‌ జోలికి ఎవరూ పోలేదు, అది అపాచీ లైసెన్సుతో ఓపెన్ సోర్స్‌గానే ఉంది.

ఈ తేడా తెలియకే నేను అప్పట్లో పనిచేసిన చోట, పేరెందుకులెండి, బిల్లు వస్తుందని హడలిపోయి లాప్‌టాప్‌లతో పాటు సర్వర్ల మీద నుంచి కూడా డాకర్ పీకేసి పాడ్‌మ్యాన్ పెట్టించారు. కమాండ్లు దాదాపు ఒకటే కాబట్టి డాకర్ అని కొడితే పాడ్‌మ్యాన్ నడిచేలా ఎలియాస్ పెట్టి పని అయిపోయిందనుకున్నాం. ఓ శనివారం రాత్రి ప్యాచింగ్ కోసం సర్వర్లు రీబూట్ చేశారు, ఒక్క కంటైనర్ లేవలేదు. పాడ్‌మ్యాన్‌కి వెనకాల ఎప్పుడూ నడిచే డీమన్ ఉండదు, రీస్టార్ట్ ఆల్వేస్ అని రాసినా రీబూట్ తర్వాత లేపేవాడే లేడు. ఆ పని సిస్టమ్‌డీకి (లినక్స్‌లో సర్వీసుల్ని లేపే ప్రోగ్రామ్) అప్పగించాలి, రూట్‌లెస్ (రూట్ అనే పూర్తి అడ్మిన్ హక్కులు లేకుండా మామూలు యూజర్‌గా నడపడం) అయితే ఆ యూజర్‌కి లింగర్ (లాగిన్ కాకపోయినా అతని ప్రోగ్రాముల్ని నడవనిచ్చే సెట్టింగ్) కూడా ఆన్ చేయాలి. తెల్లవారుజామున నాలుగింటికి గచ్చిబౌలిలో చాయ్ తాగుతూ నేర్చుకున్న పాఠం అది. కట్టక్కర్లేని డబ్బు మిగుల్చుకోవడానికి పడ్డ తిప్పలు ఇవన్నీ.

అపోహ: కుబర్నెటిస్ (చాలా సర్వర్ల మీద కంటైనర్లను నడిపించే టూల్) డాకర్‌ని తీసేసింది, ఇమేజ్‌లన్నీ (కంటైనర్లు తయారయ్యే మూసలు) మళ్లీ బిల్డ్ చేయాలి.

2022లో 1.24 వెర్షన్‌లో తీసింది డాకర్‌షిమ్‌ని, అంటే కుబర్నెటిస్ డాకర్‌తో మాట్లాడేందుకు వాడిన మధ్యవర్తి కోడ్‌ని. ఇమేజ్‌లు అన్ని టూల్స్‌కీ ఉమ్మడిగా ఉన్న ఓసీఐ ప్రమాణంలో ఉంటాయి కాబట్టి కంటైనర్లను నడిపే వేరే ప్రోగ్రాములైన కంటైనర్‌డీ మీదా, క్రయో మీదా అవే నడుస్తాయి. డాకర్ లోపల పనిచేసేదీ ఆ కంటైనర్‌డీయే.

మరి నిజంగా మారేవాళ్లు ఎందుకు మారుతున్నారంటారా? డెస్క్‌టాప్ బిల్లు ఒకటి. రెడ్‌హ్యాట్ లినక్స్ 8 నుంచి డాకర్ బదులు పాడ్‌మ్యాన్‌నే ఇస్తోంది, అదొకటి. మూడోది సెక్యూరిటీ టీమ్: మామూలు డాకర్ డీమన్ రూట్‌గా నడుస్తుంది, డాకర్ గ్రూపులో చేర్చిన ప్రతివాడికీ రూట్ ఇచ్చేసినట్టే. ఇప్పుడు డాకర్‌లోనూ రూట్‌లెస్ ఉంది, కానీ మనమే సెట్ చేసుకోవాలి.

ఆ అబ్బాయికి ఇంత చెప్పలేదు. డాకర్‌ఫైల్ (ఇమేజ్ ఎలా తయారవ్వాలో చెప్పే ఫైల్) సరిగ్గా రాయడం, ఇమేజ్ సైజు తగ్గించడం, వాల్యూమ్‌లు, నెట్‌వర్క్ నేర్చుకో, ఏ టూల్‌కి పోయినా అవే పనికొస్తాయి అన్నాను. "అయితే రెండో ఇన్‌స్టాల్‌మెంట్ కట్టేయమంటావా అన్నా?" అన్నాడు.