యూనిట్ ధర ఒక్కటే చెబితే లెక్క తేలదు

వాతావరణ మార్పు మీద మొదలైన చర్చ కరెంటు దగ్గరికి వచ్చేసరికి దాదాపు ప్రతిసారీ ఒకే దారి పడుతుంది. సౌర విద్యుత్తు బొగ్గు కరెంటు కంటే చవకని ఒకరు యూనిట్ ధర చూపిస్తారు. రాత్రిపూట సూర్యుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తారని ఇంకొకరు అడుగుతారు. అణు విద్యుత్తే దిక్కని మూడోవారంటే, అది కట్టేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని నాలుగోవారు. విడివిడిగా నలుగురి మాటా నిజమే. నలుగురూ వదిలేసిన ప్రశ్న ఒకటుంది: ఆ యూనిట్ ఏ గంటకు వస్తోంది?

ముందు మెగావాట్ల సంగతి ముగించేద్దాం. 1,000 మెగావాట్ల సౌర కేంద్రమంటే మంచి ఎండలో ఇచ్చే గరిష్ఠం అంతని. ఏడాది సగటు తీస్తే అందులో 15 నుంచి 25 శాతమే చేతికొస్తుంది. 20 శాతం వేసుకుంటే ఏడాదికి సుమారు 175 కోట్ల యూనిట్లు. అదే సామర్థ్యమున్న అణు కేంద్రం 90 శాతం నడిస్తే 788 కోట్ల యూనిట్లు. కొత్తగా ఇన్ని వేల మెగావాట్లు పెట్టామన్న ప్రకటన ఏదైనా ఈ గుణకారం చేశాకే చదవాలి.

అసలు విషయం గ్రిడ్‌లో ఉంది. లెక్క కోసం ఒక గ్రిడ్‌ను ఊహించుకుందాం. మధ్యాహ్నం డిమాండ్ 10,000 మెగావాట్లు, అందులో 6,000 సౌర విద్యుత్తే ఇస్తోంది. మిగతా 4,000 బొగ్గు కేంద్రాలు ఇవ్వాలి. సాయంత్రం ఏడింటికి డిమాండ్ 12,000కు చేరుతుంది, సౌర విద్యుత్తు సున్నా. అంటే ఆ వేళకు 12,000 మెగావాట్ల బొగ్గు కేంద్రాలు సిద్ధంగా ఉండాలి. వాటిని మధ్యాహ్నం ఆపేసి సాయంత్రం మళ్లీ వెలిగిద్దామంటే కుదరదు. చల్లారిపోయిన బాయిలర్‌ను లైన్లోకి తేవడానికి ఎనిమిది గంటలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఆపకుండా తగ్గించి నడుపుదామంటే దానికీ ఒక అడుగుమట్టం ఉంది. సామర్థ్యంలో 55 శాతం కంటే తగ్గించలేమనుకుంటే, 12,000కు ఆ మట్టం 6,600 మెగావాట్లు. కావలసినది 4,000. మిగిలిన 2,600 మెగావాట్లకు చోటు చేయడానికి సౌర కేంద్రాలనే ఆపేయాలి. సూర్యుడు పైసా అడక్కుండా ఇచ్చిన కరెంటు, కొనేవాడుండీ వృథా.

ఇప్పుడు అదే యంత్రాలను 40 శాతం దాకా తగ్గించి నడపగలిగేలా మార్చామనుకోండి. మట్టం 4,800కు దిగుతుంది, వృథా 800కు పడిపోతుంది. ఒక్క కొత్త సౌర పలకా పెట్టకుండానే 1,800 మెగావాట్ల సౌర విద్యుత్తు మధ్యాహ్నం గ్రిడ్‌లోకి చేరినట్టే. పర్యావరణం మీద జరిగే చర్చల్లో బొగ్గు కేంద్రాన్ని ఎలా నడపాలన్న మాట ఎవరికీ రుచించదు కానీ, ఉద్గారాలు తగ్గించే పనుల్లో ఇంత చవకైనవి తక్కువే. ఊరికే అయిపోదు కూడా. తక్కువ లోడులో బాయిలర్‌లో మంట నిలకడ తప్పుతుంది, ఆరిపోకుండా బొగ్గుతో పాటు ఆయిల్ కూడా మండించాల్సి వస్తుంది. రోజూ వేడెక్కి చల్లారడం వల్ల బాయిలర్ డ్రమ్ము, గొట్టాలన్నీ కలిసే హెడర్లు వంటి మందపాటి లోహ భాగాల్లో పగుళ్లు మొదలవుతాయి. యూనిట్‌కు కాల్చే బొగ్గు కొంత పెరుగుతుంది. బర్నర్లు, కంట్రోల్ వ్యవస్థ, బొగ్గును పొడిచేసే మిల్లుల సర్దుబాటు అన్నీ చూసుకోవాలి. అయినా లెక్క గిట్టుబాటే.

నిల్వ గురించి మాట్లాడేటప్పుడు గంటలతో పాటు ఏడాదికి ఎన్నిసార్లు వాడతామన్నదీ అడగాలి. 2,000 మెగావాట్లను నాలుగు గంటలపాటు ఇచ్చే బ్యాటరీ అంటే 80 లక్షల యూనిట్ల నిల్వ. మధ్యాహ్నం నింపి సాయంత్రం తీస్తే ఏడాదికి మూడు వందల సార్లు పనిచేస్తుంది, పెట్టుబడి అన్ని విడతల మీదా పంచుకుపోతుంది. మిగులు కరెంటుతో నీటిని పైకి పంప్ చేసి, కావలసినప్పుడు కిందికి వదిలే పద్ధతికైతే ఇంకో లెక్క: 300 మీటర్ల ఎత్తు నుంచి దిగే ఒక ఘనపు మీటరు నీరు, నష్టాలు పోగా, 0.7 యూనిట్ ఇస్తుంది. అవే 80 లక్షల యూనిట్లకు కోటీ పధ్నాలుగు లక్షల ఘనపు మీటర్లు కావాలి. నీటి మట్టం 20 మీటర్లు పెరిగి తగ్గేలా కడితే 57 హెక్టార్ల జలాశయం చాలు. పంపింగ్‌కు వాడిన ప్రతి 100 యూనిట్లకూ 70 నుంచి 80 తిరిగొస్తాయి, బ్యాటరీకైతే 85 పైనే.

ఇక మబ్బు పట్టి, గాలి కూడా పడిపోయిన ఐదు రోజుల మాట చూడండి. జర్మనీలో చలికాలపు అలాంటి రోజులకు 'డుంకెల్‌ఫ్లౌటె' అని పేరే పెట్టుకున్నారు. సగటున 10,000 మెగావాట్ల చొప్పున 120 గంటలకు 120 కోట్ల యూనిట్లు, అంటే పైన చెప్పిన బ్యాటరీకి 150 రెట్లు. అంత నిల్వ కట్టి ఏడాదికి ఒకటి రెండు సార్లు వాడితే ఏ ధరా నిలవదు. రోజువారీ నిల్వను బ్యాటరీ ఎప్పుడో గెలిచేసింది. ఏడాదికోసారి వచ్చే కరువును గెలవడం దాని వల్ల కాదు. ఆ పని జలాశయాలకో, దూర ప్రాంతాల నుంచి తెచ్చే లైన్లకో, అణు విద్యుత్తుకో, అరుదుగా వెలిగించే గ్యాస్ టర్బైన్లకో అప్పగించాలి. హైడ్రోజన్ పేరు కూడా వినిపిస్తుంది. కానీ కరెంటుతో హైడ్రోజన్ చేసి మళ్లీ కరెంటుగా మారిస్తే 100కు తిరిగొచ్చేది 30, 40 యూనిట్లే.

గ్రిడ్ కుప్పకూలినప్పుడల్లా ఎవరికి నచ్చని ఇంధనాన్ని వారు బోనెక్కిస్తారు. సౌత్ ఆస్ట్రేలియాలో 2016 సెప్టెంబరు 28న రాష్ట్రమంతా చీకటైంది. గాలి లేక కాదు. తుపానుకు టవర్లు కూలి వోల్టేజ్ వెంటవెంటనే పడిపోయింది. వోల్టేజ్ ఇన్నిసార్లకు మించి పడితే యంత్రం వెనక్కి తగ్గాలన్న సెట్టింగ్ కొన్ని పవన కేంద్రాల్లో ఉంది. సెకన్లలో 450 మెగావాట్లకు పైగా పోయాయి, లోటంతా పక్క రాష్ట్రపు లైను మీద పడి అదీ ట్రిప్ అయింది. తర్వాత ఆ సెట్టింగులు మార్చారు. టెక్సస్‌లో 2021 ఫిబ్రవరి చలికి అన్ని రకాల కేంద్రాలూ ఆగాయి, అందులో పెద్ద వాటా గ్యాస్‌దే. బావుల దగ్గర తేమ గడ్డకట్టింది. పైగా గ్యాస్ సరఫరా పరికరాల్లో కొన్ని కరెంటుతో నడిచేవి. కోత పెట్టకూడని వాటి జాబితాలో అవి లేకపోవడంతో లోడ్ షెడ్డింగ్‌లో వాటికీ కరెంటు తీసేశారు. దాంతో గ్యాస్ ఇంకా తగ్గింది.

గ్యాస్ మీద ఇంకో మాట. కాల్చినప్పుడు యూనిట్‌కు దాదాపు 0.4 కిలోల కార్బన్ డయాక్సైడ్, బొగ్గుకైతే 0.9 నుంచి 1 కిలో. అందుకే సగానికి సగం మేలంటారు. కానీ కాల్చకముందే లీకైన మీథేన్, 20 ఏళ్ల లెక్కన, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. బావి నుంచి బర్నర్ దాకా మూడు శాతం లీకైతే చాలు, దగ్గరి దశాబ్దాల్లో బొగ్గు మీద ఆ మేలు చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది. లీకులు కొలవని చోట గ్యాస్‌ను బొగ్గు నుంచి శుభ్రమైన కరెంటుకు చేర్చే 'వారధి ఇంధనం' అనడం నా దృష్టిలో ప్రచారమే.

విధానాల దగ్గరికొస్తే, ఇంధనం కంటే వడ్డీయే ఎక్కువ నిర్ణయిస్తుంది. సౌర, పవన, అణు కేంద్రాలన్నిటికీ ఖర్చంతా మొదట్లోనే. పెట్టుబడి 100 అనుకుని 25 ఏళ్లలో తీర్చాలంటే, 5 శాతం వడ్డీకి ఏటా 7.1 కట్టాలి, 10 శాతానికి 11. ఎండ అదే, పలక అదే, యూనిట్ ధర మాత్రం సగం పైగా పెరిగింది. అణు కేంద్రానికి ఆలస్యమే వడ్డీ. మొదటి ఏడాది పెట్టిన 100, 8 శాతం చొప్పున తొమ్మిదేళ్లకు 200, పదిహేడేళ్లకు 370. యూఏఈలోని బరాకాలో నాలుగు రియాక్టర్లు ఒక్కొక్కటీ సుమారు తొమ్మిదేళ్లలో పూర్తయ్యాయి. ఫ్రాన్స్‌లో 2007లో మొదలైన ఫ్లామాన్‌విల్-3 గ్రిడ్‌కు చేరింది 2024 డిసెంబరులో. అణు విద్యుత్తు ఖరీదా చవకా అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ రెండు కాలవ్యవధుల మధ్య ఉంది.

కార్బన్ పన్ను పనిచేస్తుందా అంటే బ్రిటన్‌ను చూడాలి. 2012లో అక్కడ కరెంటులో దాదాపు 40 శాతం బొగ్గుదే. తర్వాత టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 18 పౌండ్ల అదనపు ధర పెట్టారు. బొగ్గుకది మెగావాట్-అవర్‌కు, అంటే వెయ్యి యూనిట్లకు, సుమారు 16 పౌండ్లు, గ్యాస్‌కు 7. ఆ తేడాకు సముద్రపు గాలిమరలు, కాలుష్య నిబంధనలు తోడై, 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు కేంద్రం మూతపడింది. అదే పన్ను పెట్రోలు బంకు దగ్గర కనిపిస్తే కథ వేరు. ఫ్రాన్స్‌లో 2018 నవంబరులో జనం రోడ్డెక్కగా, 2019కి అనుకున్న పెంపును వెనక్కి తీసుకున్నారు. కెనడాలో ఇంధనం మీద వసూలైన దానిలో ఎక్కువ భాగం కుటుంబాలకే తిరిగిచ్చినా 2025 ఏప్రిల్‌లో ఆ పన్నును ఎత్తేయాల్సి వచ్చింది. పన్ను రోజూ కంటబడుతుంది, తిరిగొచ్చిన సొమ్ము మూణ్ణెల్లకోసారి ఖాతాలో చప్పుడు లేకుండా పడుతుంది.

బొగ్గు కేంద్రాన్ని ఏ ఏడాదిలో మూస్తారన్న దానిమీదే గొడవంతా నడుస్తుంది కానీ, ఏడాదికి ఎన్ని గంటలు నడిపారన్నది అంతకంటే పెద్ద అంకె. 1,000 మెగావాట్ల కేంద్రం 70 శాతం నడిస్తే సుమారు 55 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్. గాలీ ఎండా లేని 200 గంటలే పూర్తి సామర్థ్యంతో నడిస్తే 2 లక్షల టన్నులు. అయితే యూనిట్ లెక్కన డబ్బిచ్చే ఒప్పందంలో 200 గంటల కేంద్రం నిలవదు. సిద్ధంగా ఉన్నందుకు మెగావాట్ లెక్కన చెల్లించాలి, పిలిచిన రోజు పలకకపోతే జరిమానా వేయాలి. ఖాళీగా ఉన్న నెలల్లో బాయిలర్ గొట్టాలు తుప్పు పట్టకుండా నైట్రోజన్ నింపి ఉంచాలి, బొగ్గు గుట్ట తనంతట తాను అంటుకోకుండా కాపాడాలి, నడపడం తెలిసిన సిబ్బందిని ఏడాది పొడుగునా జీతమిచ్చి ఉంచుకోవాలి. ఈ ఖర్చులు ఏ యూనిట్ ధరలోనూ కనిపించవు.