రేడియేటర్ కొత్తది, నీళ్లు పాతవే

గాజువాకలో ట్యాక్సీ నడుపుకునే ఒక పాఠకుడు అడిగారు: "రేడియేటర్ లీకైతే కొత్తది వేయించానండీ. ఆకుపచ్చ కూలెంట్ కూడా పోశారు. నెల తిరక్కుండానే మూత తీసి చూస్తే మట్టి రంగు నీళ్లు. కొత్త రేడియేటర్‌కి అప్పుడే తుప్పా?"

తుప్పు రేడియేటర్‌ది కాదు, ఇంజిన్‌ది. కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, మొత్తం రేడియేటర్‌లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఇంజిన్ బ్లాక్‌లో సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీల్లో, వాటి పైన ఉండే హెడ్‌లో, హీటర్‌లో, గొట్టాల్లో కూడా ఉంటుంది. రేడియేటర్ విప్పినప్పుడు దానిలో ఉన్నదే కారిపోతుంది. బ్లాక్‌లోది అక్కడే ఉండిపోతుంది. ఇక్కడి నుంచి నాకు భలే ఇష్టమైన లెక్క ఒకటి మొదలవుతుంది.

మొత్తం 6 లీటర్లు పట్టే కారు, వంచితే 3 లీటర్లే బయటికొచ్చే కారు అనుకుందాం. పాత సరుకు 3 లీటర్లు లోపలే ఉంది. 3 లీటర్ల మంచినీళ్లు పోసి, ఇంజిన్ తిప్పి, బాగా కలిశాక చూస్తే పాతది 50 శాతం. చల్లారాక మళ్లీ వంచి మళ్లీ పోస్తే 25. మూడోసారికి 12.5. నాలుగోసారికి 6.25. సున్నా ఎప్పటికీ రాదు, కానీ నాలుగు విడతలకు చాలావరకు పోయినట్టే. అయిన నీళ్లు 12 లీటర్లు.

"ఇంత గొడవెందుకు, పైన పైపు పెట్టి కింద ప్లగ్ తీసేస్తే అదే కడుక్కుంటుంది కదా" అంటారు. అదే 12 లీటర్లు అలా ధారగా వదిలారనుకోండి. వచ్చిన నీరు వచ్చినట్టు పాతదానితో కలిసిపోతూ ఉంటే, చివరికి 13.5 శాతం పాతది మిగులుతుంది, అంటే రెట్టింపుకు పైనే. కారణం ఒకటే. ధార కట్టినప్పుడు కిందికి పోయేదాంట్లో అప్పుడే పోసిన మంచినీరూ ఉంటుంది, అది పని చేయకుండానే పోతుంది. బియ్యం కడిగేటప్పుడు మన ఇళ్లలో చేసేది సరైన పద్ధతి: కాసిని నీళ్లు పోయడం, కలపడం, పూర్తిగా వంచేయడం, మళ్లీ పోయడం. గిన్నెను కుళాయి కింద పెట్టి వదిలేస్తే బకెట్టు నీళ్లయినా తెల్లదనం పోదు. వంచినప్పుడు గిన్నెలో ఎంత తక్కువ నీరు మిగిలితే అంత తక్కువ విడతల్లో పని అయిపోతుంది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో బ్యూరెట్‌ని కొంచెం కొంచెం ద్రావణంతో రెండు మూడుసార్లు కడగమని చెబుతారు. ఎందుకో చెప్పరు. ఈ లెక్క ఒక్కటి బోర్డు మీద వేస్తే పిల్లలకు జన్మలో మర్చిపోలేని పాఠం అయ్యేది.

అయితే "బాగా కలిశాక" అన్నాను చూశారూ, అక్కడే ఉంది తిరకాసు. ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తలుపులాంటిది థర్మోస్టాట్. చల్లగా ఉన్న ఇంజిన్‌లో అది మూసుకునే ఉంటుంది. దాని లోపల చిన్న డబ్బీలో మైనం ఉంటుంది. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య ఆ మైనం కరిగి, ఉబ్బి, కడ్డీని తోసి దారి తెరుస్తుంది. అప్పటిదాకా బ్లాక్ నీళ్లు బ్లాక్‌లో, రేడియేటర్ నీళ్లు రేడియేటర్‌లో. అయిదు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపేస్తే కడిగిందే మళ్లీ కడిగినట్టు. పై గొట్టం, కింది గొట్టం రెండూ వేడెక్కాయంటే దారి తెరుచుకున్నట్టు లెక్క. కొన్ని కార్లలో హీటర్‌కు విడిగా వాల్వ్ ఉంటుంది. విశాఖలో హీటర్ వేసేదెవరు, చలికాలం లంబసింగి వెళ్లేవాళ్లు తప్ప! ఆ వాల్వ్ మూసి ఉంటే హీటర్‌లోని పాత నీరు అలాగే ఉంటుంది. కాబట్టి నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పాలి.

పాతది కొంచెం మిగిలితే ఏమవుతుంది? కూలెంట్‌లో ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు, తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడిలో గ్లైకాల్ గాలితో చర్య జరిపి గ్లైకాలిక్, ఫార్మిక్ ఆమ్లాలుగా మారుతుంది. ఆ ఆమ్లాలను అణచడంలో మందులు ఖర్చయిపోతాయి. అలాంటి 3 లీటర్లను లోపలే ఉంచి పైన 3 లీటర్ల కొత్తది పోస్తే, కొత్త మందులో కొంత పాత ఆమ్లాన్ని అణచడానికే పోతుంది. రెండూ వేర్వేరు రకాలైతే కొన్నిసార్లు జిగురులా ముద్దకట్టి సన్నని గొట్టాలను మూసేస్తాయి. రంగు చూసి రకం పోల్చుకోవద్దు. అది కలిపిన రంగు, కంపెనీకో తీరు.

"గడ్డకట్టే చలి మనకెక్కడిది, కూలెంట్ ఎందుకు" అనే మాట ఆటోనగర్‌లో ఇప్పటికీ వినబడుతుంది. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. సుమారు ఒక బార్ పీడనం పట్టే రేడియేటర్ మూత ఉంటే 120 దాకా ఆగుతాయి. సగం గ్లైకాల్ ఉంటే 130కి దగ్గర పడుతుంది. ఏసీ వేసుకుని, నిండా మనుషులతో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆ పది డిగ్రీలే దిక్కు. అంతకంటే ముఖ్యం తుప్పు మందు. సముద్రం దగ్గరి బోరు నీళ్లలో ఉండే క్లోరైడు అల్యూమినియం మీది రక్షణ పొరను చీల్చి సూదిమొన రంధ్రాలు చేస్తుంది. రాగి, ఇత్తడి రేడియేటర్లయితే మాటు పెట్టించి వాడుకునేవాళ్లం, ఇప్పటి అల్యూమినియంకు ఆ సుఖం లేదు. డిస్టిల్డ్ వాటరే పోయండి.

కొత్త రేడియేటర్ వేశాక బండిని ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి దగ్గరికి తీసుకెళ్లి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లున్నారు. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లం, లోపల పేరుకున్న సున్నపు పొరను బుడగలు తేలుస్తూ కరిగిస్తుంది. కడిగే మందుల్లో చాలావాటిలో ఉండేది అదే. టైరు కింద మాత్రం దానికి ఆ అవకాశం రాదు! అలాగని రసం పిండి పోయకండి, పిప్పి వెళ్లి ఇరుక్కుంటుంది. మందు వాడినా ఆ ఆమ్లాన్ని మళ్లీ పై లెక్క ప్రకారమే నాలుగు విడతలు కడగాలి.

ఇక చివరి పోత. చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే. కడిగాక బ్లాక్‌లో 3 లీటర్ల ఉత్త నీరుంది. అందులో నేరుగా పోసుకునే సగంపాళ్ల కూలెంట్ 3 లీటర్లు పోస్తే మొత్తంలో గ్లైకాల్ 25 శాతమే. నీళ్లు కలపని కాన్‌సన్‌ట్రేట్ 3 లీటర్లు పోస్తేనే 50 వస్తుంది. మీ కారులో వంచితే 6కి 2 లీటర్లే వస్తాయనుకోండి, కాన్‌సన్‌ట్రేట్ పోసినా 33 దాటదు. విడతలూ పెరుగుతాయి: నాలుగుసార్లు కడిగినా పాతది ఇంకా 20 శాతం. అప్పుడు బ్లాక్‌కు ఉండే నీళ్లు వదిలే ప్లగ్ తీయించక తప్పదు. రేడియేటర్ మార్పిస్తున్నప్పుడు కింది గొట్టం ఎలాగూ ఊడదీస్తారు, ప్లగ్ కూడా అప్పుడే తీయమనండి. వచ్చినదాన్ని డబ్బాలో పట్టి కొలవండి. దాన్ని కాలువలో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

పోసేటప్పుడు మెల్లగా పోయాలి, వీలైతే ముందు టైర్లు మెట్ట వైపు ఉండాలి, లేదంటే గాలి ఇరుక్కుంటుంది. మర్నాడు ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రిజర్వాయర్ (కూలెంట్ నిల్వ ఉండే పక్క డబ్బా) చూడండి. ఒకసారి మట్టం దిగితే గాలి బయటికి పోయినట్టు, గీత దాకా పోస్తే చాలు. రోజూ దిగుతుంటే మాత్రం లీకు వెతకాలి.