అగస్త్యకూడం ఎక్కబోయేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: కేరళలో పడమటి కనుమల్లోని ఈ శిఖరం ఎత్తు 1,868 మీటర్లే కాబట్టి ఎక్కడం తేలిక.

వాస్తవం: హిమాలయాల్లో ట్రెక్కింగ్ చేసి వచ్చినవారు కూడా ఈ లెక్క దగ్గరే పొరబడతారు. ఇక్కడ గాలి పలుచబడి ఊపిరి అందని పరిస్థితి ఉండదన్నది నిజమే కానీ, కొండ ఎంత కఠినమో చెప్పేది ఎత్తు కాదు, కాలి కింది నేల. తిరువనంతపురం జిల్లాలోని బోనకాడ్ నుంచి అడవిదారిన నడిచి, అతిరుమల శిబిరంలో రాత్రి ఆగి, మర్నాడు పొంగాలపార అనే రాతి ప్రదేశం దాటిన తరువాత, చెట్లు క్రమంగా పొట్టివై చివరకు ఏటవాలు బండలే మిగులుతాయి. అక్కడ తాడు పట్టుకుని ఎక్కాలి. చాలామంది ఒంటి బరువంతా తాడుకు అప్పగించి చేతుల బలంతో పైకి లాక్కుంటారు, అది తప్పు. మడమ దించి, బూటు అడుగు మొత్తం రాతికి ఆనించి, బరువును కాళ్ల మీదే ఉంచి, తాడును నిలకడ కోసం మాత్రమే వాడుకోవాలి. చేతుల్లోని సత్తువ దిగడానికి మిగలాలి.

అపోహ: శిఖరం చేరితే కష్టం తీరినట్టే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే నమ్మకం ఇదే. దిగేటప్పుడు ప్రతి అడుగులోనూ తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపవలసి వస్తుంది కనుక, అప్పటికే అలసిన కాళ్లు తడబడతాయి, మోకాళ్లు వణుకుతాయి. ఆ వేళకు మబ్బు దిగి బండ తడిసిందంటే, ఉదయం సునాయాసంగా ఎక్కిన చోటే కాలు జారుతుంది. అందుకే వెనుదిరగవలసిన సమయాన్ని శిబిరంలోనే నిర్ణయించుకోవాలి; ఆ సమయం అయితే, శిఖరం కళ్లెదుటే కనిపిస్తున్నా తిరిగి వచ్చేయాలి.

అపోహ: కేరళలో చలి ఏముంటుంది?

వాస్తవం: ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల దాకా తగ్గుతుంది. దానికి శిఖరం మీది గాలి, చెమటతో తడిసి త్వరగా ఆరని నూలు బట్టలు తోడైతే వణుకు తప్పదు. త్వరగా ఆరే చొక్కా ఒకటి, గాలిని ఆపే పలుచని జాకెట్ ఒకటి తప్పనిసరిగా సంచిలో ఉండాలి.

జలగ కాటు విషమని భయపడేవారూ ఉన్నారు. దానిలో విషం లేదు. రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థం ఉంటుంది కనుక గాయం కాసేపు కారుతుంది. శుభ్రంగా కడిగి, గుడ్డతో నొక్కి పట్టుకుంటే సరిపోతుంది.

అపోహ: మహిళలను ఈ శిఖరానికి అనుమతించరు.

వాస్తవం: కేరళ హైకోర్టు 2018లో ఇచ్చిన తీర్పుతో ఆ అడ్డంకి తొలగి, 2019 జనవరి నుంచి మహిళలు శిఖరం దాకా వెళ్తున్నారు. అటవీశాఖ అనుమతి మాత్రం అందరికీ తప్పనిసరి.