వీడియో ప్లేయర్ క్రాష్ అవుతోందా? ఫార్మాట్ మాట ఎత్తకండి

నిన్న సాయంత్రం కూడా ఒకావిడ నుంచి అదే ఫోన్ కాల్. "కంప్యూటర్‌లో వీడియో పెట్టగానే ప్లేయర్ మూసుకుపోతోందండీ. ఎవరో ఫార్మాట్ కొట్టాలన్నారు. పిల్లాడి వీడియోలన్నీ ఇందులోనే ఉన్నాయి, ఏం చేయమంటారు?" గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. కంప్యూటర్లు బాగుచేసే నాకు ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. నాకు కోపం వచ్చేది ఆవిడ మీద కాదు, ఆ "ఎవరో" మీద.

అపోహ: ప్లేయర్ పదే పదే క్రాష్ అయితే విండోస్ పాడైనట్లే. డిస్క్ తుడిచి విండోస్ మళ్లీ వేయడం, అంటే ఫార్మాట్, ఒక్కటే దారి.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మ చూపే చిప్‌ని నడిపే ప్రోగ్రామ్) దగ్గరే తేలతాయి. ఇప్పటి ప్లేయర్లు వీలైనంతవరకు డీకోడింగ్ పనిని, అంటే కుదించి దాచిన వీడియోని విప్పి బొమ్మగా మార్చే పనిని, గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగిస్తాయి. అక్కడ డ్రైవర్ తడబడితే ప్లేయర్ కూడా దాంతోపాటే కూలుతుంది. చెడ్డపేరు మాత్రం ప్లేయర్‌కి, విండోస్‌కి.

తేల్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మీ ప్లేయర్ వీఎల్‌సీ (ఉచితంగా దొరికే వీడియో ప్లేయర్) అయితే టూల్స్, ప్రిఫరెన్సెస్, అందులో ఇన్‌పుట్/కోడెక్స్. అక్కడ హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్‌ని డిసేబుల్ చేసి, సేవ్ కొట్టి, ప్లేయర్ మూసి మళ్లీ తెరవండి. క్రాష్ ఆగిందంటే దొంగ దొరికినట్లే. ఆగకపోతే వీడియో ట్యాబ్‌లో అవుట్‌పుట్‌ని ఆటోమేటిక్ నుంచి ఓపెన్‌జీఎల్‌కి మార్చి చూడండి. అయితే ఇది పరీక్షే, మందు కాదు. డీకోడింగ్ భారమంతా ప్రాసెసర్ మీద పడితే పాత మెషీన్‌లో 4కే వీడియో నత్తనడక నడుస్తుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది. డ్రైవర్‌ని సరిచేయాల్సిందే.

నిన్నటి ఆవిడ చేత ఫోన్‌లోనే ఇంకో పని చేయించాను. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ తెరుచుకుంటుంది. రోజుకో గడి, క్రాష్ అయిన రోజున ఎర్ర గుర్తు. "మంగళవారం నుంచి అన్నీ ఎర్రగానే ఉన్నాయండీ" అన్నారు. ఒక ఎర్ర గడిని నొక్కి, కింద జాబితాలో ప్లేయర్ పేరు మీద డబుల్ క్లిక్ చేసి, ఫాల్ట్ మాడ్యూల్ నేమ్ (క్రాష్ ఏ ఫైల్‌లో జరిగిందో దాని పేరు) ఎదురుగా ఉన్నది చదవమన్నాను. పేరు "ఎన్‌వీ"తో మొదలైంది. అంటే దాదాపు గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా డ్రైవరే. "ఐజీడీ" అయితే ఇంటెల్ అనుకోవచ్చు, "ఏటీఐ" అయితే ఏఎండీ. అదే మంగళవారం గడిలో డ్రైవర్ అప్‌డేట్ అయినట్లు కూడా ఉంది. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ (పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లడం). అంతే, వీడియో ఆడింది.

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం, కొత్తలో నేనూ ఫార్మాట్ కొట్టినవాణ్నే. దగ్గరి బంధువు ఒకాయన కంప్యూటర్. డీ డ్రైవ్ భద్రంగా ఉంది కదా అని ధీమాగా విండోస్ మళ్లీ వేశాను. ఆయన ఫోటోలన్నీ డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటారని, డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనని, ఫార్మాట్‌లో తుడిచిపెట్టుకుపోయేది అదేనని అప్పుడు తట్టలేదు. ఇంతా చేస్తే ఆ రాత్రే విండోస్ అప్‌డేట్ అదే డ్రైవర్‌ని మళ్లీ దింపింది. అదే వీడియో, అదే క్రాష్. ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అపోహ: కోడెక్ ప్యాక్ (వీడియోని విప్పి చూపే చిన్న ప్రోగ్రామ్‌ల మూట) వేస్తే సరిపోతుంది.

కోడెక్ లేకపోతే సాధారణంగా బొమ్మ రాకుండా సౌండ్ మాత్రమే వస్తుంది, లేదా ఈ రకం ఫైల్ ఆడదని మెసేజ్ వస్తుంది. ప్లేయర్ ఉన్నట్టుండి మాయమవడం వేరే జబ్బు. పైగా వీఎల్‌సీ తన కోడెక్‌లు తనే తెచ్చుకుంటుంది, మీరు విండోస్‌లో వేసిన ప్యాక్‌తో దానికి పనే లేదు. ఎక్కడపడితే అక్కడ దొరికే ప్యాక్‌లతో పాటు యాడ్‌వేర్ (ప్రకటనలు చూపే చెత్త ప్రోగ్రామ్‌లు) దిగిన మెషీన్లు ఎన్ని శుభ్రం చేశానో లెక్కలేదు.

మిగతావి గబగబా. క్రాష్ అయితే వీడియో పోయినట్లు కాదు. ప్లేయర్ ఫైల్‌ని చదువుతుంది, అందులోని వీడియోని మార్చదు. కాబట్టి ఒరిజినల్ డిలీట్ చేయకండి. ఎంకేవీ రకం ఫైల్‌ని ఎంపీ4 అని పేరు మారిస్తే లోపల ఉన్నది మారదు. ర్యామ్ పెంచమంటారు కొందరు. మిగతా ప్రోగ్రామ్‌లన్నీ బాగా నడుస్తూ ప్లేయర్ ఒక్కటే పడిపోతుంటే ఆ ఖర్చు దండగ. వైరస్ అంటారా, స్కాన్ చేయండి, కానీ ముందు అనుమానించాల్సింది దాన్ని కాదు.

ఒక్క సందర్భంలో మాత్రం నేనూ కంగారుపడతాను. ఒకే డ్రైవ్‌లోని వీడియోలకే ప్లేయర్ బిగుసుకుపోతూ, ఆ ఫైళ్లను కాపీ చేయబోయినా మధ్యలో ఆగిపోతుంటే డిస్క్ పోయే దశలో ఉండొచ్చు. అప్పుడు సెట్టింగులు కెలకకండి. ముఖ్యమైన వీడియోలు ముందుగా, వచ్చినన్ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ప్లేయర్ సంగతి తర్వాత చూద్దాం.